ముట్టుకోవద్దన్న స్విచ్చు

ఆ వీధిలో అతనికి సొంత పేరు ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. కూరగాయల బండి దగ్గర, మంగలి షాపులో, బస్టాపులో, ఎక్కడైనా అతను మీటరు తాతగారి అల్లుడే. కొందరికి ఆ మాత్రం ఓపిక కూడా లేక ఉత్త 'అల్లుడుగారూ' అని పిలిచేవాళ్లు. ఊరందరికీ అల్లుడైపోవడం ఎంత చిరాకో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

ఉద్యోగంలో మాత్రం అలా కాదు. ఊరి చివరనున్న కోల్డ్ స్టోరేజీకి అతను ఇన్‌ఛార్జి. పళ్లకు ఒక గది, కూరలకు ఒక గది, మందులకు ఇంకో గది, ఒక్కో గదికి ఒక్కో చలి. ఎవడైనా తలుపు బార్లా తీసి కబుర్లలో పడ్డాడంటే అతను నోరు తెరవనక్కర్లేదు, అటు తిరిగి చూస్తే చాలు, తలుపు మూతపడేది. అక్కడ అతను ఇంత చలి ఉండాలంటే ఉండాల్సిందే. సాయంత్రం ఆ మందపాటి కోటు విప్పి మేకుకు తగిలించాడంటే మాత్రం మాట చెల్లడం కూడా ఆ మేకుకే వేలాడేది. ఇంటికి ఖాళీ చేతులతో వచ్చేవాడు.

ఇల్లు మామగారిది. పెళ్లయిన కొత్తలో మంచి ఇల్లు దొరికేదాకా ఉందామని చేరారు. మంచి ఇల్లు దొరకలేదు, కొన్నాళ్లకు వెతకడమూ మానేశారు. ఏ కుర్చీ ఎక్కడుండాలి, ఏ కిటికీ ఎప్పుడు తెరవాలి, టీవీలో వార్తలు ఎంత గట్టిగా మోగాలి, అన్నీ మామగారి ఇష్టమే. ఆయన చెడ్డమనిషి కాదు. అదే కదా అసలు బాధ. చెడ్డమనిషైతే తిట్టుకునైనా బతకొచ్చు.

మామగారు కరెంటు ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. జీవితమంతా ఇల్లిల్లూ తిరిగి, మీటరులో చక్రం గిర్రున తిరుగుతుంటే చూసి చూసి, ఎక్కడ ఏ స్విచ్చు వేసి ఉన్నా ఆయనకు ఒంటి మీద జెర్రులు పాకేవి. ఇల్లంతా తిరుగుతూ కనపడిన స్విచ్చల్లా ఆపుకుంటూ పోయేవారు. లోపల మనిషి ఉండగానే స్నానాలగదిలో లైటు ఆరిపోయేది. లోపలున్నాను మామయ్యా అని అల్లుడు అరిస్తే, కిటికీలోంచి వెలుతురు వస్తోందిగా, సబ్బు కనపడుతుందిలే అని సాగిపోయేవారు. సబ్బు మాట దేవుడెరుగు, ఆ ఇంట్లో తువ్వాలు దొరికించుకోవడమే ఒక పరీక్ష.

ఇలాంటి ఇంట్లోకి చేపల తొట్టి వచ్చింది. తోటి ఉద్యోగి ఒకాయన బదిలీ మీద వెళ్తూ, మోసుకుపోలేక అతనికి ఇచ్చాడు. అల్లుడు దాన్ని పసిపిల్లను తెచ్చినట్టు ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. హాల్లో కిటికీకి దూరంగా గోడవారన ఒక బల్ల మీద పెట్టి, అడుగున గులకరాళ్లు పోసి, నీళ్లు నింపి, ఇక ఆ మూలంతా తనదే అన్నట్టు దాని ముందు కూర్చున్నాడు. ఆ ఇంట్లో అతను తెచ్చి, అతను పెట్టి, అతను చూసుకునే వస్తువు అదొక్కటే.

మొదటి చలికాలంలోనే చేపలు ఒకదాని తర్వాత ఒకటి పైకి తేలిపోయాయి. భార్య మొహం తిప్పేసుకుంది. పొద్దున్నే లేచి చచ్చినవాటిని చూడలేననీ, ఇంకోసారి ఇలా జరిగితే తొట్టి బయటికేననీ తేల్చి చెప్పింది. అల్లుడు సరేనన్నాడు. తొట్టి బయటికి పోతే దాంతోపాటు ఆ ఇంట్లో తన మూల కూడా పోతుందని అతనికి తెలుసు.

చేపల షాపు ముసలాయన దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంటే, చలికి తట్టుకోలేవు, హీటరు పెట్టమన్నాడు. ఈసారి తెచ్చుకున్నవి నాలుగు ఏంజెల్ చేపలు, గాలిపటాల్లా పల్చగా, నిలువుగా, రెక్కలు వేలాడేసుకుని తిరిగేవి. హీటరు అంటే గాజుగొట్టం, లోపల తీగచుట్ట, పైన వేడి ఎంతుండాలో తిప్పుకునే బిళ్ల. అల్లుడు సెలవురోజు చూసుకుని శ్రద్ధగా బిగించాడు. నీళ్లు కదులుతూ ఉండే చోట, ఫిల్టరు పక్కన, రబ్బరు కప్పులతో కాస్త ఏటవాలుగా తొట్టి అద్దానికి అతికించాడు. వేడి అంతటా పాకుతోందో లేదో తెలియాలని థర్మామీటరు రెండో చివర పెట్టాడు. నీళ్లలో ముంచగానే స్విచ్చు వెయ్యలేదు. గాజు ఆ నీళ్లకు అలవాటుపడేదాకా ఆగాడు. తీగ మీద నుంచి నీటిచుక్కలు జారి ప్లగ్గులోకి పోకుండా, తీగను ప్లగ్గుకన్నా కిందికి వేలాడేసి మళ్లీ పైకి తెచ్చాడు. షాపాయన పోరు పడలేక ఎలక్ట్రీషియన్ని పిలిచి, నీళ్లలోకి కరెంటు దిగితే టక్కున పడిపోయే ట్రిప్ స్విచ్చు కూడా మెయిన్ దగ్గర పెట్టించాడు. ఉన్న స్విచ్చులు చాలవన్నట్టు ఇంకోటా అని మామగారు గొణిగారు.

ఇరవై ఆరు డిగ్రీల దగ్గర బిళ్ల తిప్పి పెట్టాడు. మర్నాడు ఉద్యోగం నుంచి వచ్చి చూస్తే హీటరు మీద ఎర్రలైటు బ్రహ్మాండంగా వెలుగుతోంది. నీళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి. పొద్దున పరుగుల మీద వెళ్లే మనిషికి చూసే తీరిక ఉండదు, ఆ మర్నాడు సాయంత్రమూ అంతే. లైటు వెలుగుతుంది, నీళ్లు వేడెక్కవు. అల్లుడికి తల ప్రాణం తోకకొచ్చింది. హీటరు తీసుకుని షాపుకు పరుగెత్తాడు. షాపాయన బకెట్లో పెట్టి చూపించాడు, బాగానే ఉంది. మళ్లీ తెచ్చి పెట్టాడు, మళ్లీ చల్లగానే ఉన్నాయి. మళ్లీ షాపు. మూడోసారి వెళ్లేసరికి షాపాయన, మీ ఇంట్లో నీళ్లకే ఏదో అయ్యుంటుంది సార్ అని నవ్వాడు. గదులకు గదులు చల్లబరిచే మనిషి ఒక తొట్టెడు నీళ్లు వెచ్చబెట్టలేకపోవడం అతనికి తలకొట్టేసినట్టయింది.

చేపలకు ఒంటినిండా తెల్లమచ్చలు లేచాయి. వేడి ఎక్కుతూ దిగుతూ ఉంటే అలాగే వస్తాయన్నాడు షాపాయన. నాలుగింటిలో రెండు పోయాయి. భార్య తొట్టి వంక చూసింది కానీ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం చూసి అల్లుడు ఆశ్చర్యపోయాడు.

ఒకరోజు స్టోరేజీలో మెషీన్లు ఆపి సర్వీసు చేస్తున్నారని అతను మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాడు. హీటరు లైటు వెలగడం లేదు. ఫిల్టరు తిరుగుతోంది, హీటరు స్విచ్చు మాత్రం పైకి లేచి ఉంది. వంటింట్లోంచి వచ్చిన భార్య అతన్ని అక్కడ చూసి నిలువునా ఆగిపోయింది. అప్పుడు బయటపడింది సంగతి. అల్లుడు ఇటు గడప దాటగానే మామగారు అటు స్విచ్చు ఆపేస్తారు. నీళ్లు కాచుకోవడానికి చేపలేమైనా స్నానాలు చేస్తాయా అని ఆయన వాదన. ఫిల్టరును మాత్రం, అది ఆగితే చేపలకు ఊపిరాడదని కూతురు చెప్పడంతో వదిలేశారు. సాయంత్రం భర్త వచ్చే వేళకు కూతురు చప్పుడు కాకుండా హీటరు స్విచ్చు వేసేస్తుంది. నాన్నను అనలేదు, మొగుడికి చెప్పలేదు. ఇద్దరి మధ్యా గొడవ రాకూడదని ఆవిడ తాపత్రయం, మధ్యలో చచ్చినవి చేపలు.

అల్లుడికి ఒళ్లు మండిపోయింది. కానీ మామగారింట్లో కాపురముంటున్న అల్లుడు తన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలి, చెప్పండి. పళ్లు కొరుక్కుని, గొంతు తగ్గించుకుని, అది ఎప్పుడూ వేసే ఉండాలి మామయ్యా అని చెప్పాడు. ఆయన అలాగే అన్నారు. మర్నాడు మళ్లీ ఆపారు. స్విచ్చు పక్కన 'ఆపవద్దు' అని కాగితం అంటిస్తే, గోడ రంగు పోతుందని అది పీకేశారు. చెరువులో చేపలకు ఎవరు హీటర్లు పెట్టారయ్యా అని ఎదురడిగారు. పంతమైతే కాదు, ఆయన చెయ్యి ఆయన మాట వినదు, అంతే. అల్లుడు గోడకు చెప్పుకున్నట్టు చెప్పి చెప్పి అలిసిపోయాడు.

చివరికి ఒక సెలవురోజు పొద్దున అతను లేచి వచ్చేసరికి స్విచ్చు ఆపి ఉంది, మిగిలిన రెండు చేపల్లో ఒకటి అడుగున పక్కకు ఒరిగి, రెక్క ఆడించడానికి అవస్థ పడుతోంది. మామగారు కుర్చీలో కూర్చుని వార్తలు చూస్తున్నారు. అన్నేళ్లుగా మింగిందంతా అల్లుడి గొంతులోకి ఒక్కసారిగా ఎగదన్నింది.

"ఇల్లు తగలబడిపోతున్నా సరే, ఆ స్విచ్చు మీద చెయ్యి వెయ్యకండి మామయ్యా. ఈ ఇంట్లో నా మాట ఒక్కటంటే ఒక్కటి సాగదా? పోనీ ఈ ఒక్కదాంట్లో వినండి."

అతని గొంతు ఇంత పెద్దదని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. భార్య చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. మామగారు లేచి, తన చేత్తో తనే టీవీ ఆపుకుని, తన గదిలోకి వెళ్లిపోయారు. అల్లుడికి అన్నందుకు సిగ్గేసింది, అనగలిగినందుకు లోపల్లోపల కాస్త సంతోషం కూడా వేసింది.

ఆ తర్వాత ఆ స్విచ్చు జోలికి ఎవరూ పోలేదు. మామగారు మిగతా ఇల్లంతా మామూలుగానే ఆపుకుంటూ తిరిగేవారు, తొట్టి దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దాటిపోయేవారు. నీళ్లు ఇరవై ఆరు దగ్గర కుదురుకున్నాయి. మచ్చలు మాయమయ్యాయి. ఒరిగిన చేప లేచి మేతకు ఎగబడింది. అల్లుడు సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, ముందు థర్మామీటరు చూసి, అప్పుడు కాళ్లు కడుక్కునేవాడు. మామగారితో మాటలు మాత్రం తగ్గిపోయాయి. ఆయన పలకరించబోయి ఊరుకునేవారు, ఇతను బదులివ్వబోయి ఊరుకునేవాడు.

అలా ఉండగా ఒకరోజు స్టోరేజీకి ఫోనొచ్చింది. అల్లుడు కూరల గదిలో ఉన్నాడు. నాన్నకు షాక్ కొట్టింది, మాట్లాడుతున్నాడులే గానీ మీరు రండి అంది భార్య.  కోటు విప్పడం కూడా తోచక అలాగే ఆటో ఎక్కాడు. దారి పొడుగునా ఆయన ఏం ముట్టుకుని ఉంటారా అని ఆలోచించాడు. తొట్టి అని మాత్రం అతనికి తట్టలేదు, ఆయన దాని దగ్గరికే రావడం లేదు కదా.

ఇంటికి వెళ్లేసరికి హాలంతా నీళ్లు. రెండు చేపలూ బకెట్లో ఉన్నాయి. హీటరు గొట్టం నిలువునా చీలి ఉంది. వీధిలో ఉండే డాక్టరు వచ్చి చూసి, గుండె బాగానే ఉంది, ఒక రోజు కదలనివ్వకండని చెప్పి వెళ్లాడట. భార్య ఏడుపు ఆపుకుంటూ జరిగింది చెప్పింది. తొట్టి అద్దాలకు పాచి పట్టిందనీ, అల్లుడు వచ్చేసరికి శుభ్రంగా కడిగి పెడితే మొహమైనా విప్పుతాడనీ నాన్న పనిలోకి దిగాడు. రబ్బరు గొట్టం పెట్టి సగం పైగా నీళ్లు తోడేశాడు. అల్లుడు సెలవురోజుల్లో తోడటం చూశాడు కదా. అల్లుడు ముందుగా బల్ల వెనక్కి వంగి హీటరు ప్లగ్గు పీకేస్తాడని, అది చల్లారేదాకా ఆగి అప్పుడు నీళ్లు ముట్టుకుంటాడని మాత్రం ఆయన చూడలేదు. ఎవరూ చూడలేదు, అతను ఎవరికీ చెప్పనూ లేదు. నీళ్లు దిగిపోయి హీటరు గాలిలో బయటపడింది, ఆగకుండా కాలుతూనే ఉంది. దాని మీద ఆయన పంపు నీళ్లు చెంబుతో పోశాడు. గాజు చిటుక్కుమంది. ఏమైందో చూద్దామని నీళ్లలో చెయ్యి పెట్టాడు. మెయిన్ దగ్గర ట్రిప్ స్విచ్చు పడిపోయింది కాబట్టి సరిపోయింది. 

అల్లుడు మామగారి గదిలోకి వెళ్లాడు. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. కుడిచెయ్యి ఇంకా సన్నగా వణుకుతోంది. ఆ చెయ్యి చూడగానే అల్లుడికి భయం, కోపం రెండూ కలిసి పైకొచ్చాయి. భయాన్ని బయటపెట్టడం చేతకాక కోపమే పట్టుకున్నాడు.

"కనపడిన స్విచ్చల్లా ఆపేస్తారు కదా మామయ్యా. లోపల మనుషులున్నా ఆపేస్తారు. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ఆ ఒక్కటీ ఆపలేకపోయారా?"

మామగారు పైకప్పు వంక చూస్తూ చెప్పారు.

"చెయ్యి దాని దాకా వెళ్లిందయ్యా. ఎప్పటి అలవాటు, ఎందుకు వెళ్లదు. నువ్వు వద్దన్నావు కదా అని తీసేసుకున్నాను. ఇల్లు తగలబడినా ముట్టుకోవద్దన్నావు. ఈ ఒక్కదాంట్లో నా మాట వినండి అన్నావు. అందుకని విన్నాను."

 ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్లలో అల్లుడి మాటల్లో సాగింది అదొక్కటే. మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఆ చేతిని పట్టుకుంటే తప్ప వణుకు ఆగేటట్టు లేదు, ఆ వణుకు ఆయనదో తనదో అతనికి తెలియలేదు. ఎప్పుడూ ముట్టుకోనివాడు ఆ రోజు పట్టుకున్నాడు.

"ఆపెయ్యాల్సింది మామయ్యా," అన్నాడు చివరికి. "నేనేమన్నా సరే, నీళ్లు తీసేముందు అది ఆపెయ్యాలి."

"ఆ సంగతి ఇప్పుడు చెప్తున్నావు," అన్నారు మామగారు, కళ్లు మూసుకుంటూ.