కండక్టరమ్మ నోటికి తాళం

ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషి గొంతు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కండక్టరమ్మ వీధి మొదట్లో దగ్గితే చివరింటివాళ్ళు తలుపు తీసి చూసేవారు. రిటైరై ఐదేళ్ళు కావస్తున్నా ఆ పేరు పోలేదు, ఆ గొంతూ తగ్గలేదు. భర్త దర్జీ. ఆయన కుట్టుమిషను తొక్కుతుంటాడు, ఈవిడ మాట్లాడుతుంటుంది. మిషను చప్పుడు వల్లే తన కాపురం నిలబడిందని ఆయన అంటుంటాడు, అదీ ఆవిడ ఇంట్లో లేనప్పుడు.

ఆవిడ డ్యూటీ చేసిన బస్సుకి ఆఖరి స్టాపు సముద్రపు ఒడ్డున, మడ అడవి గేటు దగ్గర. అక్కడ బస్సు ఆగేది సరిగ్గా ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లోనే డబ్బా విప్పి నాలుగు ముద్దలు తినాలి, నీళ్ళు తాగాలి, కాళ్ళు చాపుకోవాలి. టోపీలు పెట్టుకున్నవాళ్ళూ, తెడ్లు భుజాన వేసుకున్నవాళ్ళూ కబుర్లాడుకుంటూ గేటు దాటి లోపలికి పోతుంటే ఈవిడ కంచె పట్టుకుని చూసేది. లోపల చెక్కల బాట ఒకటి వంపు తిరిగి చెట్లలో మాయమయ్యేది. ఆ వంపు అవతల ఏముందో ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదంటే నమ్మండి. సెలవు రోజున వెళ్ళొచ్చుగా అంటారేమో. సెలవు రోజున సరదాకి బస్సెక్కే కండక్టరును మీరెక్కడైనా చూశారా?

రిటైరైన మర్నాడే అదే బస్సెక్కి, టిక్కెట్టు కొనుక్కుని, ఆఖరి స్టాపులో దిగి గేటు దాటింది. వంపు తిరిగాక చెట్ల వేళ్ళ మధ్య ఉప్పునీటి పాయ, పాయ మీద బారుగా పడవలు. కాళ్ళు అక్కడే పాతుకుపోయాయి. అరవై దగ్గరపడ్డ మనిషి ఈత నేర్చుకుంది, తెడ్డు వేయడం నేర్చుకుంది, ఆర్నెల్లు తిరిగేసరికల్లా గైడై కూర్చుంది. రెండు కిలోమీటర్లు చెక్కల బాట మీద నడక, ఆపైన ఇద్దరేసి కూర్చునే సన్నటి పడవల్లో, అంటే కయాక్‌లలో గంటన్నర ప్రయాణం. ఆవిడ లెక్కలో అదీ ఒక బస్సు రూటే. పాయలో ప్రతి మలుపుకీ ఒక స్టాపు పేరు పెట్టింది.

"వంకర చెట్టు, వంకర చెట్టు! ఫొటోలు తీసుకునేవాళ్ళు తీసేసుకోండి! ఏయ్ వెనక పడవ, నిద్రపోతున్నారా, ముందుకి జరగండి!"

జనం పడీ పడీ నవ్వేవారు. ఆవిడ పడవలేనా అని అడిగి మరీ వచ్చేవాళ్ళుండేవారు.

ఈ ఏడు రెండు కళ్ళకీ ఒకదాని తరవాత ఒకటి శుక్లాల ఆపరేషన్ అయి, రెండు నెలలు ఇంటిపట్టునే ఉండిపోవాల్సి వచ్చింది. అన్నాళ్ళూ పడవలు నడిపింది రెండో గైడు. ఏమడిగినా "ఊఁ" తప్ప మరో మాట రాని మనిషి కనక ఆయన్ని అందరూ ఊఁ గారనే పిలుస్తారు.

కళ్ళు బాగై, కొత్త పెళ్ళికూతురంత హుషారుగా డ్యూటీకి వచ్చిన రోజే పక్షుల మేడం ఆఫీసు గదిలోకి పిలిచింది. అడవిలో పక్షుల బాగోగులు చూసే ఆ అమ్మాయికి ముప్ఫై కూడా ఉండవు. గోడ నిండా మ్యాపులు, కుర్చీలో తడి బూట్లు. కూర్చోమనడానికి చోటు లేక తనూ నిలబడే మాట్లాడింది.

"వంకర చెట్టు మీద కొంగలు గూళ్ళు కట్టాయండీ! అవి అటు రావడం మానేసి నాలుగేళ్ళయింది."

"ఎంత చల్లని మాట చెప్పావు తల్లీ! అయితే రేపట్నుంచి అక్కడ ఇంకాసేపు ఆపుతా."

"అదే... ఆపకూడదండీ. పడవలు మెల్లగా పోతే వాటికి పట్టింపు లేదు. మనిషి గొంతు వినబడితేనే బెదిరి లేచిపోతాయి. పెద్దవి లేస్తే పిల్లల్ని గద్దలు ఎత్తుకుపోతాయి. అందుకని, పిల్లలు ఎగిరేదాకా పడవలు ఊఁ గారికిచ్చి, మీరు గేటు దగ్గర టిక్కెట్లు చూసుకుంటే..."

మళ్ళీ అవే టిక్కెట్లు, మళ్ళీ అదే గేటు, లోపలికి పోయేవాళ్ళ వీపులు చూస్తూ మళ్ళీ బయటే నిలబడటం. కండక్టరమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది గానీ, ఏడుస్తూ మాట్లాడటం కుదరదు కాబట్టి ముందు మాట్లాడింది.

"నేను నోరు మూసుకోలేననేగా? ఒక్క ట్రిప్పు చూడు. నువ్వే నా పడవలో కూర్చో. ఒక్క కొంగ లేచినా నేనే వెళ్ళి గేటు దగ్గర కూర్చుంటా."

ఆ సాయంత్రం ఇంట్లో రిహార్సల్ పెట్టుకుంది. గంటసేపు మాట్లాడకూడదు. గడియారం చూడటం దర్జీ గారి వంతు. పది నిమిషాలు బాగానే గడిచాయి. పదకొండో నిమిషంలో ఆయన నల్ల ప్యాంటుకి నీలం దారం ఎక్కించాడు. ఆవిడ పెదవి కొరుక్కుంది. కాలు ఊపింది. కిటికీలోంచి బయటికి చూసింది. ఆయన తాపీగా కుట్టడం మొదలుపెట్టాడు.

"నీలం దారమండీ అది!"

"తెలుసు. కావాలనే ఎక్కించా," అని ఆయన గడియారం తిప్పి పెట్టాడు. "మళ్ళీ మొదలెట్టు."

మర్నాడు పొద్దున్న పది మంది వచ్చారు. రేవు దగ్గరే చెప్పాల్సినవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది: తెడ్డు నిలువుగా ఎత్తితే కదలాలి, అడ్డంగా పట్టుకుంటే ఆగాలి, ఒక్కరు కూడా కిక్కురుమనకూడదు.

"అడగాల్సినవి ఇప్పుడే అడిగేయండి. లోపల నన్ను అడిగితే నేను చెప్పను. చెప్పకపోతే నా ప్రాణం పోతుంది. ఆ పాపం మీకెందుకు?"

ఆరు పడవలూ కదిలాయి. మొదటి పడవలో ముందు సీట్లో పక్షుల మేడం, వెనక సీట్లో కండక్టరమ్మ. ప్రతి మలుపులోనూ స్టాపు పేరు నాలిక చివరిదాకా వచ్చేది, మింగేసేది. అరగంటకే దవడలు నొప్పెట్టాయి. వంకర చెట్టు దగ్గర ఆటు మొదలై నీరు వెనక్కి తీస్తోంది. కొత్తగా పెళ్ళైన జంట కూర్చున్న పడవలో ఆయన ఒక పక్కకి, ఆమె ఇంకో పక్కకి తెడ్డు వేసుకుని, బొంగరంలా తిరిగి బురదలో ఇరుక్కున్నారు. పెళ్ళికొడుకు అరవడానికి నోరు తెరిచాడు. కండక్టరమ్మ ఒక్క చూపు చూసింది. టిక్కెట్టు కొనని ప్రయాణికుడి మీద ముప్ఫై ఏళ్ళు వాడిన చూపు అది. తెరిచిన నోరు చప్పున మూతబడింది.

మామూలు రోజైతే రెండు కేకలతో తేలిపోయే పని. ఇప్పుడు ఆవిడే దిగి లాగక తప్పలేదు. ఒక కాలు పెట్టింది, మోకాలిదాకా దిగిపోయింది. రెండోది తీయబోయి బురదలో చతికిలబడింది. టోపీతో సహా మనిషంతా బురద ముద్ద. పెళ్ళికూతురు తన టోపీ నోట్లో కుక్కుకుంది. పది మంది భుజాలూ ఊగిపోతున్నాయి, పడవలూ ఊగిపోతున్నాయి. మేడం కడుపు పట్టుకుని ముందుకి వంగిపోయింది. చప్పుడు లేకుండా నవ్వడం ఎంత కష్టమో అక్కడున్నవాళ్ళనే అడగాలి. బురద బుగ్గల మీద కన్నీళ్ళు కారుతుంటే కండక్టరమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది.

ఒక్క కొంగ కూడా లేవలేదు.

నవ్వులు సద్దుమణిగాక పైనుంచి సన్నగా కిచకిచలు వినబడ్డాయి. కండక్టరమ్మ తలెత్తింది. పుల్లల గూట్లోంచి మూడు ముక్కులు తెరుచుకుని అరుస్తున్నాయి. తల్లి కొంగ వచ్చి వాలి, ఒక్కోదాని నోట్లో చేప పెట్టింది. కండక్టరమ్మ పడవ తాడు పట్టుకుని బురదలో అలాగే నిలబడిపోయింది. ఈ మలుపులో ఇన్నాళ్ళూ తన గొంతే తప్ప వేరేదేదీ ఆవిడ వినలేదు. అప్పుడు లెక్క తట్టింది. కొంగలు మానేసి నాలుగేళ్ళు. తను గైడై నాలుగేళ్ళు. మొహంలో నవ్వు పోయింది.

తిరిగి గేటు దాకా నడిచొచ్చేసరికి బురద ఎండి అట్టలు కట్టింది. కుళాయి దగ్గర కడుక్కుంటుంటే మేడం ఎగురుకుంటూ వచ్చింది.

"ఒక్కటీ లేవలేదండీ! పడవలు మీవే!"

"నిజం చెప్పు తల్లీ. అవి గూళ్ళు కట్టుకుంది నేను ఇంట్లో ఉన్న ఆ రెండు నెలల్లోనా?"

అమ్మాయి తల దించుకుంది. "అవునండీ. చెప్పడానికి నోరు రాలేదు."

కండక్టరమ్మ కుళాయి కట్టేసి గట్టు మీద కూర్చుంది. బాధేసింది, సిగ్గూ వేసింది. ఎంత ప్రేమతో ఈ అడవిని పదిమందికీ చూపించిందో, అంత ప్రేమతోనే అక్కడున్న కొంగల చేత ఇల్లు ఖాళీ చేయించింది. కాసేపటికి లేచి చేతులు తుడుచుకుంది.

"రేపట్నుంచి గేటు దగ్గర నేను కూర్చుంటా. పడవలు ఊఁ గారికివ్వు."

"అదేంటండీ, గెలిచారుగా!"

"ఇవాళ గెలిచా. నా నోటి సంగతి నాకు తెలీదూ? ఏదో ఒక రోజు జారుతుంది. అవి ఎగిరాక నా పడవలు నాకు. వచ్చే ఏడు గూళ్ళు కట్టుకునే రోజులొచ్చినా అంతే."

"గేటంటే మీకు ప్రాణం పోతుంది కదండీ."

"పోతుంది. అలాగని పసిపిల్లలున్న ఇంటికెళ్ళి గోల చేస్తామా?" అంది కండక్టరమ్మ. బస్సు స్టాపులో ఉన్నవాళ్ళంతా ఉలిక్కిపడి ఇటు తిరిగారు.