పదకొండో నంబరు ఒప్పందం

వీధిలో అందరూ ఆమెను కేబులక్క అనేవారు. భర్త నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక, నాలుగొందల ఇళ్ళ టీవీ కనెక్షన్లు ఆమే చూసుకునేది. ముందుగదే ఆఫీసు: గోడకు సిగ్నల్ పెట్టెలు, బల్ల కింద వైరు చుట్టలు, కిటికీ పక్కన మంచం మీద భర్త. ఎవరి మాటా ఆమె ఓ పట్టాన నమ్మదు. కొత్త వైరు చుట్ట వస్తే విప్పి కొలిచాకే సంతకం పెట్టేది.

"పెళ్ళికి ముందు నా గురించి మూడు వీధుల్లో వాకబు చేసింది, అయినా మోసపోయింది," అని భర్త నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున్నే మరిది ఓ మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పక్కపేట కేబుల్ మరిదిదే. వచ్చినతను కొత్త పిల్లల ఛానల్ ఏజెంటు. ఆ ఛానల్‌ని రెండేళ్ళపాటు పదకొండో నంబరులో చూపిస్తామని ఒప్పందం రాసివ్వాలట.

"నేను నిన్ననే సంతకం పెట్టేశా వదినా. నువ్వూ పెట్టేయ్," అన్నాడు మరిది, వైరు చుట్టను కాలితో అటూ ఇటూ తోస్తూ.

ఆమె మనసును అనుమానం పురుగులా తొలిచింది. కబురు పెట్టినా రాని మనిషి, పరాయివాడి పని మీద ఇంత పొద్దున్నే ఎందుకొచ్చినట్టు?

"కాగితాలుంచి వెళ్ళండి. చదువుతాను."

"చదవడానికేముందక్కా, అందరికీ ఉండేదే," అంటూ ఏజెంటు పెన్ను మూత తీశాడు.

"మూత పెట్టేయండి. ఎల్లుండి రండి."

మెలిక నాలుగో పేజీ అడుగున దొరికింది. కంపెనీ ఈ ఛానల్‌కు బదులు ఏ ఛానల్ ఇచ్చినా అదే నంబరులో చూపించి తీరాలి!

"ఇదేంటి?" అంది, ఏజెంటు మరిదితో కలిసి మళ్ళీ వచ్చినప్పుడు.

"అది ఊరికే రాశారక్కా."

"ఊరికే రాసిందైతే ఊరికే కొట్టేయండి."

ఏజెంటు కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. మరిది మండిపడ్డాడు. "అనుమానం పెనుభూతమంటే ఇదే! నా పరువు తీశావు వదినా."

నాలుగు నెలలు తిరక్కుండానే మరిది పేటలో పదకొండో నంబరులో పిల్లల బొమ్మలు మాయమయ్యాయి. పొద్దస్తమానం పొట్ట తగ్గించే బెల్టులు అమ్మే ఛానల్ వచ్చింది. పిల్లల తల్లులు అతని షట్టరు ముందు చేరి కేకలేశారు. ముప్పై ఇళ్ళవాళ్ళు కనెక్షన్ పీకేయమన్నారు. అతను ఒప్పందం కాగితాలు పట్టుకుని వదిన దగ్గరికొచ్చాడు.

ఆమె దెప్పలేదు. మొదటి నుంచీ మళ్ళీ చదివింది. ఛానల్ మార్చడానికి నెల ముందు కంపెనీ ఉత్తరం రాయాలి, రాయకపోతే ఒప్పందం వదులుకోవచ్చని మూడో పేజీలో ఉంది.

"ఉత్తరమేదైనా వచ్చిందా?"

"రాలేదు."

"సరే. ఇంకోటి, నిజం చెప్పు. నాచేత సంతకం పెట్టిస్తే ఆ ఏజెంటు నీకేమిస్తానన్నాడు?"

మరిది అన్న వైపు చూశాడు. అన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"కొత్త సిగ్నల్ పెట్టె," అని గొణిగాడు. "నీకు నష్టమని తెలీదు వదినా, ఒట్టు."

అనుమానం నిజమైతే ఎప్పుడూ గర్వపడే మనిషికి ఆరోజు నోరు చేదెక్కింది. లేచి భర్తకు మంచినీళ్ళిచ్చింది. తర్వాత కూర్చుని కంపెనీకి ఉత్తరం రాసింది. వాళ్ళు రెండు వారాలు బెదిరించి, చివరికి మరిదిని వదిలేశారు.

ఇప్పుడతను ఏ ఒప్పందమైనా ముందు ఆమెకే చూపిస్తాడు. ఆమె కాదనదు. కాకపోతే చదవబోయే ముందు, అతని ఎదుటే, పేజీలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుంటుంది.