కాగితంలో చుట్టిన చెరకు పిప్పి

కొత్త లెక్కల పంతులు నమిలిన చెరకు పిప్పిని అందరిలా గంపలో వేయలేదు. కాగితంలో వేసి, మడతలు పెట్టి, కోటు జేబులో దాచుకున్నారు. అది చూసిన క్షణంలోనే నా చూపు పిల్లల మీదికి పోయింది. అప్పటికి నా కూతురు ఆయనకు జానెడు దూరంలో కూర్చుని ఉంది.

బోధన్‌లో మా బడి చిన్నది, ఊరివాళ్ళ చందాలతో నడిచేది. చక్కెర కార్ఖానా కడుతున్నారని ఊళ్ళోకి కొత్త కుటుంబాలు దిగాయి. పిల్లలు పెరిగారు. దాంతో ముగ్గురు కొత్తవాళ్ళను పెట్టుకోక తప్పలేదు. ఒకరు ఉర్దూ చెప్పే మున్షీ, ఒకరు ఈ లెక్కల పంతులు, మూడో మనిషి నీళ్ళు మోసే అవ్వ. నేను హైదరాబాద్‌లో కాలేజీ చదువు చదివి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి, ఆ బడిలోనే ఆడపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నా కొడుకు మూడో తరగతి. కూతురు ఇంకా అక్షరాలు దిద్దుతోంది.

చెరకు కోతల కాలంలో మా బడికి ఎవరు కొత్తగా వచ్చినా పూలదండ వేయరు. చేతికి ఒక చెరకు గడ ఇస్తారు. వాళ్ళు పిల్లల మధ్య చాప మీద కూర్చుని దాన్ని తినాలి. పిప్పి అంతా ఒకే గంపలో పడాలి. గంప నిండేసరికి కొత్త పోతుందని మా పెద్ద పంతులు నమ్మకం. ఒక్కొక్కరి గురించి నాలుగు మాటలు చదివి వినిపించే పని ఆ రోజు నాకు అప్పగించారు.

మున్షీ గారి గురించి చదువుతుండగానే ఆయన చెరకు పెచ్చులు పళ్ళతో చీల్చడం మొదలుపెట్టారు. అవ్వ మాత్రం చాప మీదికి రానంది.

"నాకెందుకమ్మా గీ పరిచయం? రేపటి సంది మీ కుండలే నన్ను గుర్తువడ్తయి."

పిల్లలు కొంగు పట్టి లాగితే వచ్చి కూర్చుంది.

లెక్కల పంతులు గురించి, "పిల్లల పక్కన కూర్చుని చేయి పట్టి నేర్పుతారు" అని చదివాను. ఆయనను ఎరగకుండా, బాగుంటుందని నేను రాసుకున్న మాట అది. ఆయన తల వంచుకున్నారు. తర్వాత కత్తి అడిగి తెప్పించుకున్నారు. చాప చివర, గాలి బయటికి పోయే కిటికీ దగ్గర కూర్చుని, గడను చిన్న ముక్కలుగా కోసుకున్నారు. నా కూతురు దగ్గరికి జరిగినప్పుడల్లా ఆయన ఇంకొంచెం అటు జరిగారు.

"అరె భాయ్, చెరుకును కత్తితోని తింటరా? మరి పండ్లెందుకిచ్చిండు దేవుడు?" అన్నారు మున్షీ గారు.

"పంతులుకు మడి బాగనే ఉన్నట్టుంది," అంది అవ్వ. "మన పిప్పిల ఆయన పిప్పి కలిస్తె కులం పోతదేమో."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. మడి కాదని అనలేదు. ఆ నవ్వు చూశాక ఇది మడి కాదు, జబ్బేనని నాకు రూఢి అయింది.

మా అన్న క్షయతో పోయాడు. చివరి ఏడాది కొట్టం పక్క గదిలో ఉన్నాడు. బూడిద వేసిన డబ్బీలో ఉమ్మి, మూతపెట్టి, తానే తీసుకుపోయి కాల్చేవాడు. నేను అన్నం పెట్టడానికి పోతే గడప దాటనిచ్చేవాడు కాదు. తినగా మిగిలిన చెరకు పిప్పిని కూడా ఇట్లాగే కాగితంలో చుట్టేవాడు. అన్నకు నా మీద విసుగని అప్పట్లో ఏడ్చేదాన్ని.

పిల్లలు ఆటకు పోయాక బడి వెనక్కి వెళ్ళాను. పంతులు ఆ కాగితానికి నిప్పు పెట్టి, కాలేదాకా నిలబడి ఉన్నారు.

"మా అన్న గూడ ఇట్లనే కాల్చెటోడు," అన్నాను.

ఆయన అడుగు వెనక్కి వేసి, తర్వాత అన్నారు.

"రెండేండ్లు కొండ మీది క్షయ దవాఖానల ఉన్ననమ్మా. పోయిందన్నరు డాక్టర్లు. దగ్గు లేదు, జ్వరం లేదు. నాకే ధైర్యం సాలుత లేదు."

"పెద్ద పంతులుకు తెలుసా?"

"చెప్పే చేరిన. బయట చెప్పొద్దన్నడు." బూడిదను కాలితో మట్టిలో కలుపుతూ, "మీరు చెప్తె నేను కాదనను. చెప్పకున్నా సరే, మీ పిల్లలను మాత్రం ముందల కూసోబెట్టకుండ్రి," అన్నారు.

ఆయన మంచితనం నా భయాన్ని తగ్గించలేదు. రోజూ ఆ గదిలో కూర్చోవలసినవాళ్ళు నా పిల్లలు. నేరుగా పెద్ద పంతులు దగ్గరికి నడిచాను. ఆయనకు మా నాన్న వయసు. విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"డాక్టరు మాట అడగకుంట నేను పెట్టుకుంటనా బిడ్డా? ఊర్ల చెప్తె రేపటికి బడి ఖాళీ అయితది. ఆయనకు ఇంకెవ్వరు పని ఇయ్యరు."

"మరి తల్లులకు తెల్వకుండ పిల్లలను కూసోబెడ్తమా? నేను తెలిసినదాన్ని గనుక భయపడుతున్న. తెలియనోళ్ళ పిల్లల సంగతేంది?"

"సరే, చెప్పు. చెప్పంగనే మొట్టమొదలు ఏమడుగుతరో ఎరికేనా? నీ పిల్లలు పోతున్నరా అని అడుగుతరు. నీ పిల్లలు లేస్తె ఒక్కడు గూడ కూసోడు. చెప్పు, పంపుతవా?"

పిల్లల్ని పిలుచుకుని ఇంటికి బయలుదేరాను. చెప్పి పిల్లల్ని ఇంట్లో ఉంచుకుంటే లెక్కల పంతులును నా చేతులతో వెళ్ళగొట్టినట్టే. మా ఆయన కాలువ పని మీద నిజాంసాగర్‌లో ఉన్నారు, అడుగుదామంటే మనిషి లేడు. ఉన్నా ఏమనేవారో తెలుసు. వద్దనేవారు. మా అమ్మ వింటే మమ్మల్ని ఆ రాత్రే బండి కట్టించి తీసుకుపోయేది.

దారిలో కూతురు చేయి గట్టిగా పట్టుకుని నడిచాను. ఎంత గట్టిగానో అది నొస్తోందని చెప్పేదాకా తెలియలేదు. ఇంటికి రాగానే ఇద్దరి చేతులూ మొహాలూ రుద్ది రుద్ది కడిగాను. కొడుకు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అడిగాడు.

"అమ్మా, ఆ పంతులుకు మనమంటె పడదా? చెల్లె దగ్గరికి పోతె దూరం జరిగిండు."

నేనూ ఒకప్పుడు గడప అవతల నిలబడి ఇదే అనుకున్నాను. ఆ ఏడాదంతా అన్న ఉన్న ఇంట్లోనే ఉన్నాను, అన్న తిన్న గిన్నెలు తోమాను. నాకేమీ కాలేదు. నా అదృష్టమని మా వాళ్ళు దేవుడికి మొక్కు చెల్లించారు. అన్న కాల్చిన కాగితాలను, మూసిన తలుపును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేను కూడా. జాగ్రత్త ఎరిగిన మనిషి నుంచి వచ్చే ప్రమాదం ఎంత? ఎరగనివాళ్ళ నుంచి వచ్చేది ఎంత? కాలేజీ చదువు దీనికి పనికిరాలేదు. ఆ రాత్రి పక్కన పడుకున్న ఇద్దరి ఊపిరీ వింటూ ఉండిపోయాను. భయం పోలేదు. ఇప్పుడు ఇది రాస్తున్నప్పుడు కూడా, వాళ్ళలో ఎవరు దగ్గినా కలం ఆగుతుంది.

తెల్లవారి జుట్టు దువ్వుతూ ఇద్దరికీ చెప్పాను:

"ఇయ్యాల బడికి పోదాం. ఆ పంతులుకు పెద్ద జబ్బు చేసి తగ్గింది. మీకు రావొద్దనే ఆయన దూరం జరిగిండు, మీరంటె పడక కాదు. నేను వాకిట్ల నిలబడి ఈ మాట అందరు అమ్మలకు చెప్త. కొందరు పిల్లలను ఇంటికి తీస్కపోతరు, వాళ్ళను ఏమనొద్దు. మీరు మాత్రం లేవకుండ్రి. కిటికీ దగ్గర ఆయన కూసున్న కాడికి పోవొద్దు, ఎనుక వరుసల కూసోండ్రి. ఆయన లెక్క అడిగితె అక్కడిదాక వినపడేటట్టు గట్టిగ చెప్పుండ్రి."