అనీస్ బేగం ఇంటి రేకులు

వరంగల్ కరీమాబాద్‌లో జాకెట్టు కుట్టించుకోవాలంటే ఆడవాళ్లు ముందు అనీస్ బేగం ఇంటికే వస్తారు. కొలత తీసేటప్పుడు ఆమె నోరు ఊరుకోదు. ఎవరు లావయ్యారో, ఎవరు చిక్కిపోయారో ముఖం మీదే చెప్పేస్తుంది. అయినా ఎవరికీ కోపం రాదు. ఆమె కుట్టిన జాకెట్టు చంక దగ్గర పట్టదు, భుజం మీంచి జారదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆమెకు ఇచ్చిన బట్ట ఆమె చేతి నుంచి మళ్లీ ఇచ్చినవాళ్ల చేతికే వస్తుంది. చీరకు ఫాల్ కుట్టడానికైనా బయటికి పంపదు. పరాయి బట్ట మధ్యలో ఇంకో గడప తొక్కకూడదని అత్త నేర్పింది. అత్త పోయినా ఆ పద్ధతి పోలేదు.

ఇల్లు మాత్రం సిమెంటు రేకులది. ముందు గదిలో మిషను, దాని పక్కన మంచం, మంచం నిండా మడత పెట్టిన బట్టలు. భర్త బాబా మియా హనుమకొండకూ వరంగల్‌కూ మధ్య ఆటో నడుపుతాడు. మంచివాడే. కాకపోతే ఇంట్లో ఏది పాడైనా తనే బాగు చేస్తానంటాడు, అదొక్కటే అతనితో తంటా.

మామిడికాయలు ముదిరే రోజుల్లో ఒక సాయంత్రం రాళ్ల వాన పడింది. ఆ కాలంలో అది కొత్త కాదు గానీ, ఈసారి రాళ్లు నిమ్మకాయలంత ఉన్నాయి. రేకుల మీద కంకర లారీ ఎత్తి పోసినట్టు చప్పుడు. అనీస్ తలకు పళ్లెం అడ్డం పెట్టుకుని, మంచం మీది బట్టలన్నీ గోడ మూలకు లాగింది. అందులో స్రవంతి పెళ్లి పట్టుచీరలున్నాయి. స్రవంతి, చౌరస్తాలో కిరాణా కొట్టు నడిపే రాజేశ్వరి కూతురు. పెళ్లి పై వారమే. పట్టు మీద సిమెంటు నీళ్ల మరక పడితే ఏ చాకలీ తీయలేడు. ఆ ఒక్క మరకతో ఇన్నేళ్ల పేరు కూడా పోతుంది.

వాన వెలిసింది. లోపల ఒక్క చుక్క పడలేదు. బాబా మియా ఆటో పెట్టి లోపలికి వచ్చి పైకి చూశాడు.

"చూసినవా, ఎంత గట్టి రేకులో. ఊకె ఫికర్ చేత్తవ్."

"చుక్క పడకుంటే పగల్లేనట్టా? పోగు ముందు తెగుతది, చిరుగు తర్వాత కనపడ్తది."

"రేకు జాకెట్టు గాదు."

మర్నాడు పొద్దున అతను ఏదో ఫంక్షన్ హాలు దగ్గర పీకేసిన పెద్ద ఫ్లెక్సీ ఒకటి తెచ్చాడు. ఎవరో లీడరు పుట్టినరోజుది, నిండా ఆయన నవ్వు ముఖమే. ఆ వాడలో రేకుల ఇళ్ల మీద సగం ఫ్లెక్సీలే. రాళ్ల వాన పడితే చాలు, పైన ఒకటి కప్పి, ఎగరకుండా ఇటుకలు పెడతారు. అక్కడితో రిపేరు అయిపోయినట్టే. బాబా మియా నిచ్చెన వేసుకుంటుంటే అనీస్ దాని కాళ్లు గట్టిగా పట్టుకుంది.

"రేకు మీద కాలు పెట్టినవంటే చూడు. మా అన్న ముచ్చట మర్చినవా?"

అనీస్ పుట్టిల్లు డోర్నకల్. నాన్న రైల్వేలో పనిచేసేవాడు. అక్కడ ఒకసారి ఇలాగే రాళ్లు పడ్డాక అన్న రేకులు చూద్దామని ఎక్కాడు. కింద పైపు ఆసరా ఉండే బోల్టుల వరస మీద నడవకుండా రేకు నడుమ అడుగేశాడు. పైకి బాగానే కనిపించిన రేకు పెంకులా పగిలింది. తిన్నగా వంటింట్లో పడ్డాడు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు.

ఆ మాటకు జంకి బాబా మియా రేకుల మీద కాలు పెట్టలేదు. పక్కింటి స్లాబు మీద నిలబడే ఫ్లెక్సీ పరిచి, అందినంత వరకు ఇటుకలు పేర్చాడు.

"మీద లీడరన్న నవ్వుకుంట పండుకున్నడు. ఇగ వాన ఆయనే చూస్కుంటడు," అని నవ్వి ఆటో తీశాడు.

మధ్యాహ్నం అనీస్ తలుపులు, కిటికీలు మూసి, గది చీకటి చేసి పైకి చూసింది. రేకు పగిలితే ఎండ చుక్కలా దిగుతుందని అమ్మ చేసే పద్ధతి అది. ఏమీ కనబడలేదు. మీద ఫ్లెక్సీ కప్పితే ఎండ ఎక్కడి నుంచి వస్తుందని తర్వాత తట్టి, తనను తనే తిట్టుకుంది. అప్పుడు స్టూలెక్కి చేత్తో తడిమింది. మిషనుకు సరిగ్గా పైన, రేకు అడుగున వెంట్రుకంత సన్నని గీత. అక్కడ మాత్రమే చెమ్మ.

సాయంత్రం మొగుడికి చూపించింది.

"ఫ్లెక్సీ తియ్యి. ఎన్ని రేకులు పోయినయో చూసి మారుద్దాం."

"మబ్బు పట్టింది గదనే. తీసినంక వాన కొడితే? జర పెళ్లి బట్టలు అయిపోనీ."

అతను చెప్పిందీ అబద్ధం కాదు. కానీ వాన వస్తే తడిసేది ఆ బట్టలే.

రాత్రంతా అనీస్‌కు అదే ఆలోచన. బట్టలు పక్కింట్లో దాస్తే అత్త మాట తప్పినట్టు. కుట్టకుండా తిరిగి ఇస్తే, కప్పు పగిలిన ఇంటికి మళ్లీ ఎవరు బట్ట ఇస్తారు? తెల్లారి లేచి, పట్టుచీరలన్నీ తెల్లగుడ్డలో మూటగట్టి ఆటోలో పెట్టించింది. వెంట మిషను కూడా ఎక్కించింది. బాబా మియా ముఖం మాడ్చుకున్నాడు.

"ఊరంత మన రేకులు పగిలినయని చాటు, పో."

"పగిలినయి గదా మరి."

ఆటో రాజేశ్వరి ఇంటి ముందు ఆగింది. మూటను చూసి ఆమె అదిరిపడింది. "ఏందే అనీస్, ఏం పాడైంది?"

"ఏం పాడు గాలె వదినె. మా రేకు పగిలింది. మీ బట్ట మీ ఇంట్లనే ఉండనీ. నేనే ఈడికొచ్చి కుడ్త."

రాజేశ్వరి మూట విప్పి ఒక్కో చీరా కిటికీ వెలుతురుకు పట్టి చూసుకుంది. తర్వాత మిషనుకు జాగా చూపించింది. "గీ ముచ్చట ఫోన్ల చెప్పొద్దా? చాయ్ తాగుతవా?"

"తాగుత. చక్కెర జర ఎక్కువెయ్యి, నీ లెక్క నాకు షుగర్ లేదు."

మర్నాడు సాయంత్రం ఆమె అక్కడే కుడుతుండగా గాలి లేచింది. ఈసారి రాళ్లు పడలేదు, ఉత్త గాలీ వానే. ఫ్లెక్సీ గాలికి లేస్తూ పడుతూ, ఇటుకల్ని పగులు మీదే ఎత్తి కొట్టింది. ఆమె ఇంటికి చేరేసరికి వాకిట్లో బాబా మియా నిలబడి ఉన్నాడు. లోపల మిషను ఉండే చోట రేకు ముక్కలు, రెండు ఇటుకలు, మడమ లోతు నీళ్లు. మంచం పూర్తిగా తడిసింది. పైన ఆకాశం.

బాబా మియా మిషను ఉండే జాగా వైపు చూపించాడు.

"ఇంట్లుంటే నువ్వు గీడనే కూసుందువు," అన్నాడు.

"కూసోలె గదా. ముందు నీళ్లు ఎత్తిపోద్దాం పట్టు."

తెల్లవారి ఫ్లెక్సీ లాగేస్తే అసలు సంగతి బయటపడింది. ఇంకో మూడు రేకుల మీద సాలెగూడు లాంటి పగుళ్లు. రాళ్ల వాన నష్టం రాసుకోవడానికి వచ్చిన సర్కారు వాళ్లకు చూపించడానికి మొదటి రోజు ఫోటో ఒక్కటీ లేదు. బాబా మియా సొంతంగా ఎక్కనన్నాడు. పనివాళ్లను పిలిచాడు. వాళ్లు బోల్టుల వరస మీద చెక్క పలక వేసుకుని, దుమ్ము లేవకుండా పాత రేకుల్ని తడిపి దించారు.

స్రవంతి పెళ్లి బాగా జరిగింది. ఆ తర్వాత హనుమకొండ సుబేదారి నుంచి ఒకావిడ చీరల సంచి పట్టుకుని వచ్చింది. గడప దగ్గరే ఆగి పైకి చూసింది.

"మీ రేకులు కూలినయట గదా?"

"కూలినయి. కొత్తయి ఏసినం. రాజేశ్వరి వదినెను అడుగు, బట్ట ఏమైందో చెప్తది."

"ఆమెనే పంపింది," అని ఆవిడ సంచి మిషను పక్కన పెట్టింది.

అనీస్ టేపు తీసుకుని లేచింది. "రా, చేతులు లేపు. జర లావుగనే ఉన్నవ్."