ఆస్పత్రి పట్టీ

1986లో నన్ను తెనాలిలోని ఒక కుష్ఠు చికిత్సా కేంద్రంలో ఫిజియో టెక్నీషియన్‌గా వేశారు. మా పైన మెడికల్ ఆఫీసర్ ఒక్కరే. మంగళవారం బాపట్లలో, శుక్రవారం రేపల్లెలో క్లినిక్కు ఉండేది. స్పర్శ పోయిన పాదాలు పరీక్షించి, కొలతలు తీసి, తగిన చెప్పులు చేయించి ఇవ్వడం నా పని.

మామూలు చెప్పులో బొటనవేలిని పట్టి ఉంచే తోలు వారును ఉంగటం అంటారు. అంగుష్ఠం నుంచి వచ్చిన మాట అని తెలుగు పండితులైన మా నాన్నగారు చెప్పేవారు. మేమిచ్చే చెప్పుకు ఉంగటం ఉండదు. వేళ్ల సందున ఒరుసుకుని పుండు పడుతుంది. మేకులూ కొట్టరు, కాల్లో దిగినా ఆ మనిషికి తెలియదు. అడుగున మెత్తటి నల్ల రబ్బరు అట్ట, పైన రెండు వెడల్పాటి పట్టీలు, మడమ వెనక మరొకటి. మొద్దుబారిన కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు కనుక ఆ వెనక పట్టీ చాలా ముఖ్యం. మా వైపు పెద్దవాళ్ల చెప్పులకు అలాంటిది అరుదు. మేం బ్యాక్ స్ట్రాప్ అని రాసుకునేవాళ్లం. జనం మాత్రం దానికి వేరే పేరు పెట్టారు. ఆ సంగతి నాకు కోటేశ్వరమ్మ చెప్పింది.

ఆమె రేపల్లె బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మేది. మందుల కోర్సు పూర్తయింది, ఆమె నుంచి ఎవరికీ అంటదు. ఎడమ పాదానికి మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. ఒక శుక్రవారం అరికాలు కాలి వచ్చింది. చెప్పు తీసి చూస్తే వెనక పట్టీ బ్లేడుతో కోసేసి ఉంది. పట్టీ లేక చెప్పు పొయ్యి దగ్గర జారిపోయింది, అది తెలియక ఆమె నిప్పుల మీద కాలు వేసింది. ఎందుకు కోశావమ్మా అని కసిరాను.

"ఆస్పత్రి పట్టీ అంటారండి దాన్ని. అది చూస్తే నా కొట్టుకి ఎవరొస్తారండి? కాలు పోతే కూర్చునైనా ఇడ్లీలేస్తాను. పేరు పోతే ఎవరు తింటారండి?" అంది.

పేరుదేముంది, సిగ్గుపడితే ఎలా అన్నాను.

"మరి మీరు బస్సులో ఆ చెప్పుల్ని పేపర్లో చుట్టి తెస్తారేంటండి?"

ఆమె అన్నది నిజమే. ఏం ఉద్యోగమని అడిగినవాళ్లకు ఆస్పత్రిలో అని చెప్పి మాట మార్చేవాణ్ణి. మాటల పుట్టుక అంత ఇష్టంగా చెప్పే మా నాన్నగారు నా చెప్పుల సంచిని గడప దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. నాకూ అదే బాగుండేది.

మెడికల్ ఆఫీసర్ అనుమతితో నమూనా మార్చాం. గోధుమరంగు తోలుతో సన్నటి పట్టీ, పక్కన బకిలు, అచ్చం షాపుల్లో దొరికే ఆడవాళ్ల శాండిల్‌లా. కోటేశ్వరమ్మ మురిసిపోయింది. పుండు మానింది. బాపట్లలోనూ అదే కావాలన్నారు, అందరికీ అదే ఇచ్చాం. రెండేళ్లు తిరగకుండా జనం దాన్నీ గుర్తుపట్టారు. గోధుమరంగు బకిలును ఆస్పత్రి బకిలు అన్నారు. కోటేశ్వరమ్మ దాన్నీ కోసేసింది. ఈసారి పుండు ఎముకదాకా వెళ్లింది. 1991లో ఆమె కాలు మోకాలి కింద తీసేశారు.

ఉంగటానికి ఆ పేరు వేలినిబట్టి వచ్చింది. ఆస్పత్రి పట్టీకి ఆ పేరు జనం భయం నుంచి వచ్చింది. ఆ జనంలో నేనూ ఒకణ్ణి. భయం అలాగే ఉండగా చెప్పు ఎన్నిసార్లు మార్చినా పేరు వెంటబడి వస్తుందని నాకు తెలిసింది. చెప్పులకు పేపరు చుట్టడం మానేశాను. అయితే మానింది ఆమె అడిగిన రోజున కాదు, ఆమె కాలు తీసేశాక.