ఎడమ ఇండికేటర్

ఆ రోజుల్లో నాకు కష్టమైన మాట ఒకటి దొరికితే చాలు, అదేదో నా సొంత ఆస్తి అయినట్టు నలుగురిలో వాడేసేదాన్ని. ఎమ్మే పాసై నెల్లూరులో ఒక స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరినా. మా పని "సుస్థిరాభివృద్ధి సూచికలు" తయారుచెయ్యడం. అంటే ఊరు బాగుపడతా ఉందా, ఆ బాగు పిల్లకాయల కాలానికి కూడా మిగిలేదేనా అని చూసుకునేదానికి కొన్ని గుర్తులు పెట్టుకోవడం. (ఇట్టా ఒక్క ముక్కలో చెప్పడం ఇప్పుడు వొచ్చింది గానీ, అప్పుడు అరగంట చెప్పేదాన్ని. వినేవాళ్ళు మధ్యలో లేచి మజ్జిగ తాగి వొచ్చేవాళ్ళు.) ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అది కాకపోతే నేను కోవూరులో మా పెదనాయన రైసు మిల్లులో కూర్చోవాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. మిల్లంటే నాకేం కోపం లేదు, పెదనాయనంటేనే భయం. రోజంతా ఆయన పక్కన కూర్చోని "నీ చదువు ఎందుకు పనికొచ్చింది మే" అనిపించుకునే ఓపిక నాకు లేదు.

నాకిచ్చిన ఊరు గూడూరు నుంచి సముద్రం వైపు పోతే వొస్తుంది. ఒక పక్క సరుగుడు తోపులు, ఇంకో పక్క రొయ్యల గుంటలు. ఊళ్ళో ఏ సంగతి తెలియాలన్నా మైకన్నే దిక్కు. ఆయన ఆటోకి మైకు కట్టుకోని, చేపల ధర మొదలుకొని చావు కబురు దాకా అన్నీ ఒకే గొంతుతో చెప్పేవాడు. మొదటి మీటింగుకి ఆయన చేతే "రేపు పొద్దున సుస్థిరాభివృద్ధి సూచికలు, అందరూ రావాల" అని చెప్పించినా. ఆ మాట ఆయన నోట్లో నలిగిందో, పాత మైకులో నలిగిందో, ఊరికి మటుకు "సూదులు" అని వినపడింది. తెల్లారేసరికి పిల్లకాయలంతా సరుగుడు తోపులోకి పారిపోయినారు. తల్లులు వాళ్ళని వెతుక్కుంటా పోయినారు. వొచ్చింది మోకాళ్ళ నొప్పుల అవ్వలు మాత్రమే. నేను అభివృద్ధి గురించి చెప్తా ఉంటే ఒకావిడ మోకాలు ముందుకు చాపి, "మాటలు తర్వాత పాపా, ముందు సూదెయ్" అనింది. సూది లేదని తెలిసేసరికి నన్ను తిట్టుకుంటా లేచి పోయినారు.

ఇంతలో హైదరాబాదు నుంచి పెద్దసారు వొస్తున్నాడని కబురు. ప్రతి మాటకీ ఫ్రేమ్‌వర్కు అంటాడని ఆఫీసులో ఆయనకి ఫ్రేమ్‌వర్కు సారని పేరు. (ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.) "ఊరివాళ్ళు వాళ్ళ సూచికలు వాళ్ళే చెప్పాలి, నేను వినాలి. విన్నాక మీ ఉద్యోగం సంగతి తేలుస్తా" అన్నాడు ఫోన్లో. నాకు మిల్లు చప్పుడు వినపడింది. తెలుగు మాటతోనే గదా చెడింది, ఇంగ్లీషు మాటైతే అందరికీ తెలుసని, ఈసారి మైకన్నతో ఇట్టా చెప్పించినా: "రేపు పొద్దున ఊళ్ళో ఇండికేటర్లు పెడతారు, హైదరాబాదు సారే వొస్తా ఉండాడు." నా తెలివికి నేనే మురిసిపోయి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నా.

మర్నాడు మా జీపు ఊళ్ళోకి తిరగ్గానే చూద్దును గదా, రోడ్డు పొడుగునా ఆటోలు, మోటారు సైకిళ్ళు, ఐసు మోసే బండ్లు, ఒక ట్రాక్టరు. "ఎంత పార్టిసిపేషన్" అని సారు నన్ను మెచ్చుకోలుగా చూసినాడు. వరసలో అందరికంటే ముందు మైకన్న.

"మీకు ఏ ఇండికేటర్ ముఖ్యమండీ?" అని మర్యాదగా అడిగినాడు సారు.

"ఎడంది సార్. కుడిది బానే ఉండాది."

సారు నా పక్కకి జరిగి, "ఈ ఊళ్ళో రాజకీయాలు ఎక్కువా?" అన్నాడు మెల్లగా.

ఇవి బండ్లకి పెట్టే ఇండికేటర్లు కావని ఇక బయటపెట్టక తప్పలేదు. వినగానే గోల మొదలైంది. "బేరాలు వొదులుకోని వొచ్చినాం, తమాషాగా ఉండాదా?" అని ఒక్కొక్కరే బండ్లు స్టార్టు చేస్తా ఉండారు. వాళ్ళు పోతే నా ఉద్యోగమూ వాళ్ళ వెనకే పోతుంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే మైకన్న ఆటోలో మైకు లాక్కున్నా. "అన్నా, బండికి ఇండికేటర్ ఎందుకు?" అని అడిగినా.

"ఎనకాలొచ్చేవాడికి తెలిసేదానికి."

"మీ ఊరి ఎనకాల వొచ్చేది మీ పిల్లకాయలే గదా. ఊరు ఎటు తిరగతా ఉందో వాళ్ళకి తెలియొద్దా?"

ఇంజన్లు ఆగినాయి. ఆ మాట నా నోట్లోకి ఎక్కడినుంచి వొచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. భయం నుంచే అనుకుంటా. మైకన్న గడ్డం గోక్కోని, "సరే పాపా, చెప్తాం. ముందు నా ఎడంది పెట్టించు" అన్నాడు. బేరం ఎటూ తెగలేదు. ఆఖరికి సారే విసుగుపుట్టి మా జీపు ఎడమ ఇండికేటర్ బల్బు పీకించి ఆటోకి పెట్టించినాడు.

ఆ తర్వాత చూడాల. "బోరు నీళ్ళతో పప్పు ఉడకతా ఉందా లేదా అది రాసుకో, రొయ్యల గుంటలొచ్చినాక నీళ్ళు ఉప్పుబారినాయి" అని ఒక అక్క అంటే, "నీ పప్పే పాతది" అని ఇంకొకామె. "పుట్టింటి నుంచి వొచ్చే కోడలు నీళ్ళ క్యాను మోసుకొస్తా ఉందా, అది చూడండి" అని సూదులావిడ. మీటింగు మధ్యాన్నం అన్నాల దాకా సాగింది. సారు ఒక్కసారి కూడా ఫ్రేమ్‌వర్కు అనలేదు, అనే సందు దొరకలేదు.

తిరిగి పోయేటప్పుడు జీపుకి ఎడమ ఇండికేటర్ లేదు. ఎడమ పక్క కూర్చున్నది సారు. నెల్లూరు దాకా ఎడమ మలుపు వొచ్చినప్పుడల్లా డ్రైవరన్న "సార్" అనడం, ఆయన బుద్ధిగా చెయ్యి బయటపెట్టడం. అట్టా చెయ్యి బయటపెట్టుకోనే, "మీరు పర్మనెంటమ్మా" అన్నాడు. వెనక సీట్లో నాకు నవ్వూ ఏడుపూ కలిసే వొచ్చినాయి.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకి నేనే సూచికలు నేర్పిస్తా. మొన్న కోవూరు నుంచి స్కూటర్ మీద పెన్న బ్రిడ్జి దాటతా ఉంటే, పక్కకి ఒక ఆటో వొచ్చింది. "అక్కా, అవతల గట్టు నుంచీ ఎడం ఇండికేటర్ ఏసుకోనే నేరుగా పోతా ఉండావు. తిరుగుతావా, తిరగవా?" అన్నాడు డ్రైవరు. మిల్లు తప్పించుకునేదానికి మైకు లాక్కున్న ఆ పిల్లైతే, వాడికి ఠక్కున ఏదో ఒకటి చెప్పుండేది. నేను మాత్రం స్విచ్చి ఆపేసి, నవ్వుకుంటా నేరుగా ఆఫీసుకి పోయినా.