దత్తు గారి టైరు అంచు

గురుప్రసాద్ మాస్టారు నర్సీపట్నం హైస్కూల్లో లెక్కలు చెబుతారు. నలభై తొమ్మిదేళ్ళు. పిల్లల మీదికి సుద్దముక్క కూడా విసరని మనిషి. ఆయన కడుపులో మంటంటూ ఉంటే అది ఒక్కటే, దాని పేరు దత్తు. దత్తు గారు అదే స్కూల్లో సోషల్ మాస్టారు, ఉండేది పక్క వీధి. ఆయన డాబా మీద షెడ్డు వేయిస్తే ఈయనకి ఆ రోజు నుంచీ ఎండ ఎక్కువైపోయింది. ఆయన కూతురికి ర్యాంకొస్తే ఈయన తలనొప్పని సెలవు పెట్టారు. ఎవరో చెప్పిన మాటలు కావివి. మొన్న సాయంత్రం బండి తుడుచుకుంటూ గురుప్రసాద్ మాస్టారే చెప్పారు. టైర్ల సంగతి నాకు బొత్తిగా తెలీదు కాబట్టి కొన్ని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

ముందు మణి గారి సంగతి చెప్పాలి. ఆవిడ మాస్టారి భార్య. పెళ్ళయిన కొత్తలో లంబసింగి మంచు చూపిస్తానని ఆవిడకి మాటిచ్చారు. ఎంత దూరమని, గంట ప్రయాణం. చుట్టాలు కారులో రమ్మంటే ఆవిడే వెళ్ళలేదు. "మనిద్దరమే, బండి మీద," అంది. అలా ఇరవై రెండు చలికాలాలు పోయాయి. ఓ ఏడు పరీక్ష డ్యూటీ, ఓ ఏడు స్కూటరు ఘాట్ ఎక్కదన్న భయం. కిందటేడు మాత్రం ఆవిడ స్వెట్టరు కొనుక్కుని, "ఈ చలికాలం తప్పితే ఇంక నన్నడక్కండి," అని తేల్చి చెప్పేసింది.

ఆ ఏడే దత్తు గారు అడ్వెంచర్ బండి కొన్నారు. ఎత్తైన సీటు, వెడల్పాటి హ్యాండిల్, బటన్ టైర్లు. బటన్లంటే టైరు మీద ముద్దల్లా లేచి ఉండే రబ్బరు దిమ్మలు. నెల తిరక్కుండా మన మాస్టారూ అదే బండి కొన్నారు. మణి కోసమని ఇంట్లో చెప్పారు. "సగం అబద్ధమండీ," అన్నారు నాతో.

సోమవారం వస్తే స్టాఫ్ రూంలో దత్తు గారి కబుర్లే.

"నిన్న లంబసింగి వెళ్ళొచ్చాం మేస్టారూ. ఏం మంచు, ఏం మంచు! మీరింకా ఎక్కలేదా? బండికి బూజు పడుతుందేమో చూసుకోండి."

బయట ఆయన బండి టైర్లకి ఎర్రమట్టి. ఆ మట్టి ఆయన కడిగించరు. అందరూ చూడాలి.

మాస్టారు ఓర్చుకోలేకపోయారు. కామమ్మ కొట్టుకి వెళ్ళారు. టైర్లు మార్చడంలో ఆవిడది పాతికేళ్ళ చెయ్యి.

"దత్తు గారి టైర్లకన్నా బటన్లు పెద్దవుండాలి కామమ్మా."

"ఏ రోడ్డుకి మేస్టారూ?"

"అన్ని రోడ్లకీ."

"అన్ని రోడ్లకీ ఒక టైరు ఏ కంపెనీవోడూ సెయ్యలేదండి. మీరెళ్ళే దారిలో తారెంత, మట్టెంత? లెక్కల మేస్టారు కదా, లెక్క సెప్పండి."

ఆయన కళ్ళు గోడకి వేలాడే పెద్ద బటన్ల టైర్ల మీదే ఉన్నాయి. ఆవిడే నచ్చజెప్పింది. మట్టిలో పెద్ద బటన్ దిగబడి పట్టుకుంటుంది, నిజమే. తారు మీద పట్టు కావాలంటే రబ్బరు రోడ్డుకి ఆనాలి. బటన్ల మధ్య అంతంత ఖాళీ ఉంటే ఆనేదేటి? తడి మలుపులో జారుతుంది, పైగా రొద. పది పాళ్ళలో తొమ్మిది పాళ్ళు తారైతే నడిమధ్య దగ్గర దగ్గరగా బటన్లుండే టైరు తీసుకోమంది.

"పెద్ద బటన్లున్నవే వెయ్యి," అన్నారు మాస్టారు.

డిసెంబరులో ఓ ఆదివారం తెల్లవారాక మణి గారు స్వెట్టరు వేసుకుని వెనక కూర్చున్నారు. ఊరు దాటకముందే బండి రైసుమిల్లులా మోత. హ్యాండిలు వణుకు, ఆవిడ పళ్ళు టకటక. ఘాట్ మొదలయ్యాక రోడ్డంతా మంచుకి తడి. నాలుగో మలుపులో వెనక చక్రం జానెడు పక్కకి జారింది. పడలేదు. కానీ ఆవిడ ఆపమని దిగిపోయింది. కిందికి దిగుతున్న సర్వీసు జీపెక్కేసింది. మాస్టారు ఆ జీపు వెనకే ఇంటిదాకా వచ్చారు. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చాక ఒకే మాట అంది. "దత్తు గారి కోసం వేయించిన టైర్ల మీద నేను కూర్చోను."

మర్నాడు దత్తు గారు మళ్ళీ లంబసింగి అన్నారు. మాస్టారికి ఒళ్ళు మండింది. అవే మలుపులు దత్తు వారం వారం ఎలా ఎక్కుతున్నాడు? లంచ్ బెల్లప్పుడు స్టాండు దగ్గర గొంతుకూర్చుని దత్తు గారి టైరుని వేలితో తడిమారు. నడిమి బటన్లు బాగానే అరిగాయి. అంచు బటన్ల మీద మాత్రం కొత్త టైరుకుండే సన్నటి రబ్బరు వెంట్రుకలు అలాగే ఉన్నాయి.

మలుపులో బండి వంగితే అంచు రోడ్డుకి రాసుకుంటుంది. రాసుకుంటే వెంట్రుకలుండవు. అంటే ఈ బండి ఘాట్ ఎక్కనేలేదు!

"అంత సంతోషం నాకు ఉద్యోగమొచ్చినప్పుడు కూడా లేదండీ," అన్నారు మాస్టారు.

స్టాఫ్ రూంలో అందరి ముందూ బయటపెట్టాలి. దానికి సాక్ష్యం కోసం సాయంత్రం కామమ్మ దగ్గరికి పరిగెత్తారు.

"నాకు తెల్దేటి?" అని నవ్వింది కామమ్మ. "ఆదివారం ఆదివారం మొగుడూ పెళ్ళాం గాలి కొట్టించుకునెళ్తారు కదా. ఆయన ఇంటావిడ సీతాలమ్మగారికి కొండ మలుపులంటే కళ్ళు తిరుగుతాయంట. అందుకని నాతవరం కాలవ గట్టుకి తీసుకెళ్తారు. ఆ మన్ను గట్టుదే. క్యారేజీ విప్పుకుని తిని, కబుర్లాడుకుని వస్తారు. కొండకెళ్ళామని సెప్పుకోడం మీ స్కూల్లోనే."

మాస్టారి సంతోషం అక్కడే చచ్చిపోయింది. ఘాట్ ఎక్కితే ఓర్చుకునేవారు. భార్య వెనక కూర్చుని వారం వారం క్యారేజీ విప్పడం! ఆ కుళ్ళు ముందటి కుళ్ళుకన్నా ఎక్కువ బాధ పెట్టిందట.

"ఈ టైర్లు తీసెయ్ కామమ్మా."

"ఏ రోడ్డుకి వెయ్యమంటారు?"

ఈసారి ఆయన ఫోను తీసి ఇంటికి చేశారు. "మణీ, కామమ్మ అడుగుతోంది, మనం ఏ రోడ్డున వెళ్తామని."

అటు స్టవ్వు మీంచి గిన్నె దింపిన చప్పుడైంది. తర్వాత, "తెలీదేంటి? ఘాట్ రోడ్డు. తారే. వ్యూ పాయింటు దగ్గర ఓ ఫర్లాంగు మట్టి," అంది. ఎక్కడ కనుక్కుందో, ఇరవై రెండేళ్ళుగా ఆవిడకి ఆ దారి నోటికొచ్చు.

కామమ్మ నడిమధ్య దగ్గరి బటన్ల టైర్లు వేసింది. "కొత్త రబ్బరు నున్నగా ఉంటాది. ఓ వారం ఊళ్ళో తిప్పండి. కొండకి బేగి ఎళ్ళిపోకండి," అని చెప్పి పంపింది.

జనవరిలో ఎక్కారు. బండి మోత లేదు, జారలేదు. పైన మంచు ఎంత చిక్కగా ఉందంటే ముందు చక్రం కూడా కనబడలేదు. మణి గారు గడ్డం ఆయన భుజం మీద ఆనించి మంచు చూస్తున్నారు. మాస్టారు ఆగలేకపోయారు.

"ఇది దత్తు చూళ్ళేదు తెలుసా!"

వెనకనుంచి నెమ్మదిగా వినిపించింది. "ఇంకా ఈ సీట్లో దత్తు గారే కూర్చున్నట్టున్నారు. నేను దిగిపోనా?"

మాస్టారు ఇంక దత్తు పేరెత్తలేదు. ఆవిడ దిగనూ లేదు.

స్టాఫ్ రూంలో ఈ రోజు వరకూ ఆయన ఏమీ బయటపెట్టలేదు. కానీ సోమవారం బండి దత్తు గారి బండి పక్కనే ఆపుతారు, అరిగిన అంచు అటు కనబడేలా.

"ఆయన అంచుకి వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయండీ," అన్నారు గుడ్డ పిండుతూ. నవ్వు ఆపుకోవాలని చూశారు గానీ ఆయన వల్ల కాలేదు.